నాబాలు ఇంటిలో అబీగయీలు

ధ్యాన భాగములు: 1 సమూయేలు 25వ అధ్యాయము, గలతీయులకు 6:1–5



మామిడి కాపు దిగు దినములలో మన ప్రాంతమున చేతికి నాలుగు డబ్బులు వచ్చును. నూజివీడు చుట్టుప్రక్కల తోటలలో రసాలు, బంగినపల్లి కోతకు వచ్చినప్పుడు మన సంఘస్థులలో అనేకులు తెల్లవారకముందే లేచి, చిక్కము కట్టిన గెడలు భుజమున వేసికొని పోవుదురు. పురుషులు కోయుదురు. స్త్రీలు కాయలను ఏరి, సొన కార్చి, గడ్డి పరచి సర్దుదురు. సొన పడి వారి చేతులు పొక్కిపోవును. సాయంకాలము లారీ నున్న మార్కెట్టుకు కదలిన పిమ్మట మేస్త్రీ కూలి పంచును. ఆ కూలి ఇంటికి చేరునో, దారిలో బెల్టు షాపు దగ్గరనే నిలిచిపోవునో అని అన్నము వండక ఎదురుచూచు తల్లులు మన పల్లెలలో ఎందరో నాకు తెలియును. బియ్యము తెచ్చువాడు రావలెను గదా!

కొన్ని సంవత్సరముల క్రితము అట్టి దినములలో ఒక ఆదివారము, సాయంకాల ఆరాధన ముగిసి దీపములు ఆర్పుచుండగా, మన సహోదరి ఒకతె మెట్ల దగ్గర నిలిచియుండెను. (ఆమె సెలవు తీసికొనియే వ్రాయుచున్నాను. ఆనవాలు తెలియకుండ కొన్ని సంగతులు మార్చితిని. ఎవరో తెలిసికొనవలెనని ప్రయత్నింపవలదు.)

"అయ్యగారూ, రేపు ఆయన పనికి రాలేడు. మేస్త్రీకి ఫోను చేసి జొరమని చెప్పండి. నేను చెబితే నమ్మటం లేదు. మీరు చెబితే నమ్ముతాడు" అనెను.

అది జ్వరము కాదని నాకు తెలియును. అయినను పని పోయినచో పిల్లలు పస్తులుందురని తలంచి ఫోను చేసితిని. మేస్త్రీ మన సంఘస్థుడు కాడు. అయినను, "మీరు చెప్పాక ఇంకేముందండీ" అని మర్యాదగా ఒప్పుకొనెను. ఆ రాత్రి నేనొక దయగల కార్యము చేసితినని సంతోషముగా నిద్రించితిని. పదిహేను దినములకు మరల ఫోను చేసితిని. మూడవ మారు అడుగవలసి వచ్చినప్పుడు ఒక సంగతి నా చెవిని పడెను. ఆ సహోదరుడు షాపు దగ్గర స్నేహితులతో, "పనికి పోకపోయినా ఏం కాదురా, మా అయ్యగారు చెబుతారులే" అనుచున్నాడట! నా తెల్లచొక్కా అతని సీసాకు మూత అయ్యెను.

ఇంతకంటె పెద్ద తప్పు నేను అంతకు ముందే చేసియుంటిని. మొదట ఆమె తన కష్టము చెప్పుకొన్నప్పుడు నేను మొదటి పేతురు పత్రిక మూడవ అధ్యాయము తీసి, శాంతముగా ఉండుము, ఎదురు చెప్పవలదు, నీ నడవడి చూచి మారునని బోధించి, ప్రార్థన చేసి పంపితిని. ఆమె చెప్పినట్లే చేసినది. రెండు వారములకు ఆమె గుడిలో స్తంభము వెనుక కూర్చుండి, ముఖము మీదికి కొంగు లాగుకొని, ప్రభురాత్రి భోజనమునకు ముందుకు రాలేదు. నేను గమనింపనే లేదు. నా భార్య గమనించినది. ఇంటికి వచ్చి, "ఆవిడ దవడ వాచి ఉంది. శాంతంగా ఉండమని మీరే చెప్పారట" అని ఒక్క మాట అని వంటయింటిలోనికి వెళ్లెను. ఆ దినము మధ్యాహ్నము నాకు అన్నము సహింపలేదు. సెమినరీలో నేను గ్రీకు అక్షరములు నేర్చితిని, సంఘ చరిత్ర నేర్చితిని. త్రాగువాని భార్యకు ఏమి చెప్పవలెనో నేర్చుకొనలేదు. నేర్పుమని అడుగనైన అడుగలేదు.

అప్పుడు నేను సమూయేలు మొదటి గ్రంథము ఇరువదియైదవ అధ్యాయము మరల చదివితిని. అది దావీదు కథయని ఎన్నో మారులు ప్రసంగించితిని. ఈసారి ఆ ఇంటి ఇల్లాలి తట్టు నుండి చదివితిని.

మాయోను ఊరివాడైన నాబాలు గొప్ప ఆస్తిపరుడు. మూడువేల గొఱ్ఱెలు, వెయ్యి మేకలు. కర్మెలులో గొఱ్ఱెల బొచ్చు కత్తిరించు కాలమది, అనగా వారికి చేతికి డబ్బు వచ్చు కాలము, మనకు మామిడి కాపు వంటిదే. ఆ మందలను కాపాడిన దావీదు మనుష్యులు భోజనమడిగినప్పుడు అతడు వారిని అవమానించి పంపెను. నాలుగువందల మంది కత్తులు కట్టుకొని బయలుదేరిరి. అప్పుడు పనివాడొకడు యజమానుని దగ్గరకు కాక యజమానురాలి దగ్గరకు పరుగెత్తెను. ఎందుకనగా ఆ యజమానునితో ఎవరును మాటలాడలేరని ఆ పనివాడే పదునేడవ వచనములో చెప్పుచున్నాడు. ఈ మాట నన్ను ఆపినది. త్రాగువాని ఇంటిలో పనివారు, పిల్లలు, ఇరుగుపొరుగు, మేస్త్రీ, పాస్టరు, అందరును భార్య దగ్గరకే పరుగెత్తుదురు. నిప్పు పెట్టువాడు ఒకడు, బిందె మోయవలసినది ఆమె.

అబీగయీలు ఏమి చేసెనో చూడుడి. మొదట ఇంటిలోని ప్రాణములను కాపాడెను. రెండువందల రొట్టెలు, వండిన గొఱ్ఱెలు, ఎండుద్రాక్షలు, అత్తిపండ్లు గాడిదల మీద వేయించి ఎదురు పోయెను. (రెండు ద్రాక్షారసపు తిత్తులు కూడ ఉన్నవి. సీసా ప్రియులు ఈ వచనమును, కానా పెండ్లిని తప్ప బైబిలులో మరేమియు చదువరు గనుక నేనే ముందుగా చెప్పుచున్నాను.) ఈ సంగతి ఆమె భర్తకు చెప్పలేదు. సెలవు అడుగలేదు. పరిశుద్ధ గ్రంథము ఆమెను అవిధేయురాలనలేదు, సుబుద్ధి గలదనినది.

రెండవది, ఆమె దావీదు ఎదుట భర్తను గూర్చి అబద్ధమాడలేదు. ఆయనకు జ్వరమనలేదు, పొరపాటున నోరు జారెననలేదు. అతడు మూర్ఖుడే, పేరుకు తగినవాడే అని ఒప్పుకొనెను. భర్త పరువు భార్యయే కాపాడవలెనని మనము నేర్పినాము గదా. అబీగయీలు పరువు కంటె ప్రాణములు ముఖ్యమని ఎంచెను.

మూడవది నాకు మిక్కిలి ప్రియమైనది. ఆమె ఇంటికి తిరిగి వచ్చుసరికి నాబాలు రాజువలె విందు చేసి, బహుగా మత్తుడై యుండెను. ఆమె ఆ రాత్రి కొద్దిగా గాని గొప్పగా గాని ఏమియు చెప్పలేదు. తెల్లవారి, మత్తు దిగిన పిమ్మట, జరిగినదంతయు చెప్పెను. అమ్మా, రాత్రి పది గంటలకు తూలుచు వచ్చినవానితో వాదించి దెబ్బలు తినుట ధైర్యము కాదు. తెల్లవారిన పిమ్మట ఏమియు జరుగనట్లు కాఫీ ఇచ్చి ఊరకుండుటయు మంచిది కాదు. మనలో చాలమంది రాత్రి అరచి, పొద్దున మౌనముగా ఉందురు. అబీగయీలు రాత్రి మౌనముగా ఉండి, పొద్దున మాటలాడెను. అయితే పొద్దున మాటలాడినను చేయి చేసికొను మనుష్యుడైనచో ఒంటరిగా మాటలాడవలదు. పెద్దలను పిలువుము, నన్ను పిలువుము.

ఆ తరువాత నాబాలు గుండె పగిలి, అతడు రాతివలె బిగుసుకొనిపోయెననియు, పదిదినములకు మరణించెననియు వ్రాయబడియున్నది. ఈ వచనము చదివిన దినము ఒక సహోదరి నన్ను చాటుగా, "అయ్యగారూ, ఆయన పోతే బాగుండునని నాకూ అనిపించింది. ఒకసారి కాదు. నాకు క్షమాపణ ఉందా?" అని అడిగెను. ఉన్నదమ్మా. యాబదియైదవ కీర్తనలో భక్తుడు గువ్వవలె రెక్కలున్నయెడల ఎగిరి పోయెదనని కోరుకొనెను. అంతటి అలసటను దేవుడు ఎరుగును. ఆ తలంపును ఆయన ఎదుట చెప్పుటయే ప్రార్థన. అబీగయీలు నాబాలును చంపలేదు, బ్రతికించనులేదు. ఆ పని ఆమె చేతిలో లేదు.

ఈ చోటనే గలతీ పత్రికకు పోవుదము. ఆరవ అధ్యాయము రెండవ వచనములో పౌలు ఒకరి భారములు ఒకరు మోయుడనుచున్నాడు. మూడు వచనముల తరువాత ప్రతివాడు తన బరువు తానే మోసికొనవలెననుచున్నాడు. మన తెలుగు బైబిలులోను గ్రీకు మూలములోను అవి రెండు వేరు మాటలు. మేస్త్రీకి జవాబు చెప్పుట, షాపులో బాకీ తీర్చుట, నిన్న రాత్రి చేసినదానికి సిగ్గుపడుట, ఇవి అతని బరువు. వాటిని అతని భుజము మీద నుండి తీసి భార్య నెత్తిన పెట్టిన కొలది అతనికి త్రాగుట సులువగును. ఆమె పస్తు, ఆమె ఒంటి మీది దెబ్బలు, పిల్లల బడి ఖర్చు, రాత్రి భయము, ఇవి భారములు. ఇవి సంఘమంతయు మోయవలసినవి. మనము చేసినదేమి? అతని బరువు ఆమెచేత మోయించితిమి. ఆమె భారము ఎవరమును ముట్టుకొనలేదు.

నేనిట్లు చెప్పినప్పుడు ఒక పెద్దమ్మ లేచి, "మరి రాత్రి కక్కింది ఎవరు కడుగుతారు? అయ్యగారు వస్తారా?" అనెను. అందరు నవ్విరి, నేనును నవ్వితిని గాని న్యాయమైన ప్రశ్నయే. దయ చూపవలదని నేను చెప్పుట లేదు. మత్తులో పడియున్నవానిని వెల్లకిల వదలక ప్రక్కకు తిప్పి పండుకొనబెట్టుడి. లేనిచో కక్కినది గొంతుకు అడ్డుపడి ప్రాణము పోవచ్చును. ఎంత పిలిచినను పలుకకున్నను, ఊపిరి ఆగి ఆగి వచ్చుచున్నను 108కి ఫోను చేయుడి. ప్రాణము కాపాడుట దయ. మేస్త్రీకి జ్వరమని చెప్పుట దయ కాదు.

వైద్యులు చెప్పు మాట కూడ వినుడి. ఎవడు మొదటి గ్లాసు ఎత్తినను అది అతని పనియే. కాని సంవత్సరముల తరబడి ప్రతిదినము త్రాగినవాని శరీరము ఆ మందుకు అలవాటుపడి, అది లేనిదే నిలువలేని స్థితికి వచ్చును. దీనిని వైద్యశాస్త్రము రోగముగా ఎంచుచున్నది. ఇట్టివారిచేత నేను బైబిలు మీద చేయి వేయించి ప్రమాణములు చేయించితిని. ఒకనిచేత ఎన్ని మారులు చేయించితినో లెక్క మరచితిని. అతడు ప్రమాణము చేయు నిమిషమున అబద్ధమాడలేదు, మరునాటి వణుకుకు ఓడిపోయెను. అతనిని గదిలో పెట్టి తాళము వేసి ఉపవాసముంచినచో మానునని కొందరు నమ్ముదురు. అట్లు ఎన్నడును చేయవలదు. విస్తారముగా త్రాగువాడు ఒక్కసారిగా మానినయెడల చేతులు వణకును, చెమటలు పట్టును. రెండు మూడు దినములలో ఫిట్సు రావచ్చును, లేనివి కనబడి కేకలు వేయవచ్చును. చికిత్స లేనిచో మరణింపవచ్చును. మనవారు దానిని దయ్యమనుకొందురు. అది ఆసుపత్రికి తీసికొనిపోవలసిన రోగము. భర్తకు తెలియకుండ కూరలో మాత్ర కలుపుమని సలహా ఇచ్చువారును కలరు. ఆ మాత్ర మీద త్రాగినయెడల గుండె దడ, వాంతులు కలిగి, రక్తపు పోటు పడిపోవును. వైద్యులు రోగికి తెలిపి, అతని సమ్మతితోనే దానిని ఇత్తురు. మత్తు అలవాటు మాన్పించుటకు ప్రభుత్వము వారు 14446 అను ఉచిత ఫోను నంబరు ఉంచినారు. ఇంటివారును దానికి ఫోను చేయవచ్చును.

మందు మానిన ఇల్లు వెంటనే పరదైసు కాదని కూడ చెప్పవలెను. అమెరికా దేశములో 1935వ సంవత్సరమున ఇద్దరు త్రాగుబోతులు ఒకరికొకరు తోడై మందు మాని, ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసమును ఆరంభించిరి. వారిలో ఒకడైన బిల్ విల్సన్ భార్య పేరు లోయిస్. ఎన్నో ఏండ్లు అతనిని మాన్పింపవలెనని ఆమె తన సర్వమును ధారపోసెను, ఫలింపలేదు. తుదకు అతడు మానెను గాని ఆమె వలన కాదు. ఒక దినమున కూడికకు వేగిరము రమ్మని అతడు పిలువగా, ఆమె చెప్పు తీసి అతని మీదికి విసరెను! మానిన భర్త మీదికి! తన లోపలి కోపము, అలసట తనకే వేరుగా బాగుపడవలెనని అప్పుడు ఆమె గ్రహించెను. అట్టి భార్యలు, ఇంటివారు కూడుకొనుటకు 1951లో అల్-అనాన్ అను సహవాసము ఆమెయు మరియొక స్నేహితురాలును ఏర్పాటు చేసిరి. భర్త మారినను మారకున్నను భార్య బ్రదుకవచ్చునని వారు నేర్చుకొనిరి.

అంత దూరమేల? మన నెల్లూరు జిల్లా దూబగుంటను మరచితిమా? 1990లో ఆ జిల్లాలో అక్షరదీపమను పేర రాత్రి బడులు నడచినవి. పగలంతయు కూలి చేసిన స్త్రీలు లాంతరు చుట్టు కూర్చుండి అక్షరములు నేర్చిరి. త్రాగుడు వలన చెడిన సంసారమును గూర్చి అక్కడ పాఠము జరిగినప్పుడు, ఇది నా కథ, ఇది నా కథ అని ఒక్కొక్కరు చెప్పనారంభించిరి. అంతవరకు ప్రతి స్త్రీయు తన ఇంటిలోనే ఈ అవమానమున్నదని తలుపు మూసికొనెను. ఆ పిమ్మట రోశమ్మ మొదలగు స్త్రీలు తమ ఊరి సారా కొట్టు మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట అంటుకొనెను. 1993 అక్టోబరు 1వ తేదీన సారా నిషేధింపబడెను, 1995 జనవరి 16వ తేదీన సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. అది 1997లో సడలింపబడినదని మీరెరుగుదురు. శాసనము వచ్చును, పోవును. నన్ను కదిలించినది లాంతరు దగ్గర వారు నోరు విప్పిన గడియ. ఒకే చాప మీద ముప్పది ఏండ్లుగా కూర్చుండి కీర్తనలు పాడుచున్న మన స్త్రీలు ఒకరి దెబ్బలు ఒకరికి చెప్పుకొనలేదు. అక్కడ అక్షరము చేసిన పని ఇక్కడ వాక్యము చేయకుండ అడ్డుపడినది ఎవరు? శాంతముగా ఉండుమని చెప్పిన నావంటివారే.

ఆ మాట ఇప్పుడు సరిచేసికొనుచున్నాను. పేతురు వ్రాసినది దెబ్బలు తినుమని కాదు. ఆ అధ్యాయమే ఏడవ వచనములో, భార్యను సన్మానింపని భర్త ప్రార్థనలకు అడ్డము కలుగునని హెచ్చరించుచున్నది. కొట్టుచున్నవాని దగ్గర ఉండి తీరవలెనని ప్రభువు ఎక్కడను ఆజ్ఞాపింపలేదు. దావీదు సౌలు ఈటెకు ఒకసారి తప్పించుకొనెను, రెండవసారి తప్పించుకొనెను, పిమ్మట పారిపోయెను. గోడకు ఈటె గ్రుచ్చుకొన్నప్పుడు, రాజు అభిషిక్తుడు గదా అని కూర్చుండి సితార వాయింపలేదు. మన దేశములో 2005లో చేసిన గృహహింస నిరోధక చట్టము ప్రకారము, భార్యను కాపురమున్న ఇంటి నుండి అన్యాయముగా వెళ్లగొట్టకుండ న్యాయస్థానము ఆజ్ఞ ఇయ్యవచ్చును, పోషణ ఇప్పింపవచ్చును. స్త్రీల సహాయమునకు 181, ప్రాణాపాయమైనచో 112. ఈ నంబర్లు గుడి గోడ మీద వ్రాయించితిని. గోడ పాడగునని ఒక పెద్ద ఆక్షేపించెను. వ్రాత అట్లే ఉన్నది.

త్రాగుచున్న సహోదరుడా, నీవు కూడ ఇది చదువుచున్నావు, లేదా నీ కూతురు చదువుచుండగా వినుచున్నావు. నీ బండి చప్పుడు సందు మొగన వినబడగానే ఆ పిల్ల పుస్తకము మూసి, తమ్ముని ప్రక్కింటికి పంపును. చప్పుడును బట్టియే నీవు ఎంత త్రాగితివో చెప్పగలదు. నీవు దుష్టుడవని నేను చెప్పుట లేదు. మత్తు లేని ఉదయమున నా దగ్గరకు రమ్ము, ఆసుపత్రికి కలిసి పోవుదము. ప్రమాణము చేయింపను. తోటలు గుత్తకు తీసికొను మన సంఘస్థులకును ఒక మాట. కూలిలో సగము సీసాగా ఇచ్చుట మానుడి. పెండ్లి పందిరి వెనుక మీరు పెట్టు డబ్బా ఎక్కడ ఉన్నదో పాస్టరుకు తెలియదనుకొనవలదు.

ఆ సహోదరి సంగతి మీరడుగుదురు. నాలుగవ మారు ఆమె నన్ను ఫోను చేయుమనలేదు. అడిగియున్నను నేను చేసియుండను. ఆమెయే మేస్త్రీతో, "జొరం కాదండీ, తాగి పడుకున్నాడు" అని చెప్పినదట. పని పోయెను. ఆ నెల ఆ ఇంటి బియ్యము సంఘపు పెట్టె నుండి ఇచ్చితిమి. పిల్లల పుస్తకములు స్త్రీల సమాజము వారు కొనిరి. దెబ్బలు పడిన రాత్రులు ఆమెయు పిల్లలును మా ఇంటి వసారాలో పండుకొనిరి. భర్త నన్ను వీధిలో తిట్టెను. చాలకాలమునకు అతడే ఆసుపత్రికి వచ్చెదననెను. మానెను, ఏడు నెలలు నిలిచెను, మరల కాపు దినములలో పడెను, మరల ఆసుపత్రికి పోయెను. ఇప్పుడు మానియున్నాడు. రేపటి సంగతి నేను వ్రాయలేను.

ఇప్పుడు గురువారము సాయంకాలములలో స్త్రీలు గుడిలో కూడుచున్నారు. పురుషులు రారాదు, నేనును రారాదు. అక్కడ విన్నది బయట చెప్పరాదు. మొదటి గురువారము ఆ సహోదరి గుమ్మము ప్రక్కన కూర్చుండి, ఏమియు మాటలాడక వెళ్లినదని మాత్రము నా భార్య చెప్పెను. రెండవ గురువారమును వచ్చెను. ఆ దినము వారు చాల ప్రొద్దుపోయి ఇండ్లకు పోయిరి. ఏమి మాటలాడుకొనిరో నా భార్య చెప్పలేదు, నేను అడుగలేదు.